ఇవాళ ఏ వారం?

ఆ ఏడు పత్తి విరగకాసింది. మనుషులే తక్కువ పడ్డారు.

మా ఆర్లిస్ బడిలో పై తరగతులన్నీ కలిపి లెక్కేసినా మగపిల్లలు పట్టుమని పదిమంది లేరు. అందులో ఒకడు బాకా ఊదుతాడు తప్ప బంతి ముట్టుకోడు. ఇంకొకడు కళ్ళజోడు తీస్తే గోడని కూడా గుద్దుకుంటాడు. పెద్ద ఊళ్ళవాళ్ళు పదకొండుమందితో ఫుట్‌బాల్ ఆడతారు. పశ్చిమ టెక్సస్‌లో మాలాంటి ఊళ్ళకి ఆరుగురి ఆట. బంతిని చంకలో ఇరికించుకుని అవతలి గీత దాటాలి, అడ్డొచ్చినవాణ్ణి గుద్దుకుంటూ పోవాలి, అంతే. ఆగస్టు వచ్చేసరికి మాకు సరిగ్గా ఆరుగురు తేలారు. ఒకడి కాలు మడతపడితే శుక్రవారం సాయంత్రం ఊరు ఊరంతా ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాల్సిందే. పైగా అదే ఆఖరి ఏడు. వచ్చే వేసవికి మా బడి మూసేసి పక్క ఊరి బడిలో కలిపేస్తారని తేలిపోయింది.

అందుకే ఒక సాయంత్రం కోచ్ హట్టో మా ఇంటికొచ్చాడు. ఆయన పొద్దున చరిత్ర చెబుతాడు, మధ్యాహ్నం ఆట నేర్పుతాడు, సాయంత్రం బడి బస్సు తోలుతాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని వరండాలో నిలబడ్డాడు.

"డెల్‌బర్ట్, నీ కూతుర్ని అడగడానికొచ్చాను."

"నీకెందుకయ్యా, నీకు పెళ్ళయి పాతికేళ్ళు దాటిందిగా" అన్నాడు నాన్న.

"ఆటకి. పరుగు పందెంలో ఈ చుట్టుపక్కల మగపిల్లలెవరూ దీన్ని అందుకోలేరు. ఏడో మనిషిగా పక్కన కూర్చుంటే చాలు. అవసరమైతేనే దింపుతాను."

మా అన్నయ్య వేలన్ తలుపుకి ఆనుకుని పడీపడీ నవ్వాడు. "లేసీనా? సార్, ఇది సాలీడుని చూస్తే కుర్చీ ఎక్కుతుంది."

"నేను కుర్చీ ఎక్కుతాను. నువ్వైతే ఊరే వదిలేస్తావు" అన్నాను.

"దాని పళ్ళకి తీగ కట్టించి ఏడాది కూడా కాలేదు" అని అమ్మ వంటింట్లోంచి అరిచింది. పళ్ళకి తొడుగు ఇస్తామని కోచ్ అన్నాడు. ఎముకలకి కూడా ఇస్తారా అని అమ్మ అడిగింది. అలా వాదించుకుంటూనే కోచ్‌కి మాంసం, బీన్స్ పెట్టింది. తినేసి వెళ్ళేటప్పటికి నేను జట్టులో ఉన్నాను.

ఆ శరదృతువులో మా ఇంట్లో ఆనందం ఎంత ఉండేదో ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. వేలన్‌ది బడిలో ఆఖరి సంవత్సరం. వాడు బంతి పట్టుకుని పరిగెడుతుంటే ఎదురొచ్చినవాళ్ళు ఆపడానికొచ్చారో దారి చూపించడానికొచ్చారో తెలిసేది కాదు. నాన్న జిన్నింగు మిల్లులో పని ముగించుకుని, ఒంటినిండా దూది పోగులతో అలాగే మైదానం కంచె దగ్గరికి వచ్చేవాడు. అమ్మ బడి వంటశాల వాళ్ళతో కలిసి దుకాణం పెట్టి, మొక్కజొన్న చిప్స్ మీద వేడివేడి మిరపకాయ మాంసం పోసి అమ్మేది. దీపాలు వెలిగేవి. గెలిచేవాళ్ళం. నేను పక్కన బల్ల మీద కూర్చుని, నీళ్ళు అందిస్తూ, వేలన్ ఊపిరి తీసుకోవడానికొచ్చినప్పుడల్లా "ఏవే ఏడో దానా, బల్ల వేడెక్కిందా?" అని వాడు వెక్కిరిస్తే పడేదాన్ని.

ఆ ఏడు మొదట్లోనే కోచ్ మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి కొత్త నిబంధన చెప్పాడు. తలకి దెబ్బ తగిలి ఎవడైనా తేడాగా కనిపిస్తే అప్పటికప్పుడు బయటికి పంపాలి. డాక్టరు సరేననేదాకా మళ్ళీ మైదానంలో కాలు పెట్టకూడదు.

ఇంట్లో ఆ మాటెత్తితే నాన్న తేలిగ్గా తీసేశాడు. "మా రోజుల్లో ముక్కు దగ్గర ఘాటు సీసా పెట్టేవాళ్ళు. ఒక్క పీల్పు పీల్చి లేచి ఆడేవాళ్ళం. ఏమైంది మాకు?"

"అందుకేగా నిన్న కారు తాళాలు ఫ్రిజ్‌లో దొరికాయి" అంది అమ్మ.

అందరం నవ్వాం. నాన్న కూడా నవ్వాడు.

తలదెబ్బకి మెదడు అదిరితే దాన్ని కంకషన్ అంటారు, ఆ మాట మా ఊళ్ళో బూతుకన్నా అధ్వాన్నం. ఆ మాట ఒక్కసారి పెద్దవాళ్ళ నోట పడిందంటే ఆటగాడు ఇంటికి పోవాల్సిందే. అందుకని ఎవరూ అనేవాళ్ళు కాదు. "గంట మోగింది" అనేవాళ్ళం. గంట మోగినవాణ్ణి కోచ్ దగ్గరికి తీసుకొస్తే ఆయన వాడి కళ్ళల్లోకి చూసి పరీక్ష పెట్టేవాడు. మొదట్లో నాలుగైదు ప్రశ్నలుండేవట. ఎక్కడున్నాం, ఎవరితో ఆడుతున్నాం, చివరి పాయింటు ఎవరిది, అలా. ఏళ్ళు గడిచేకొద్దీ అవన్నీ రాలిపోయి ఒక్కటి మిగిలింది.

"ఇవాళ ఏ వారం?"

"శుక్రవారం సార్."

"శభాష్. నీళ్ళు తాగి పో."

మా ఆటలన్నీ శుక్రవారమే. కోచ్ చిన్నప్పుడూ శుక్రవారమే, నాన్న ఆడినప్పుడూ శుక్రవారమే. ఆ ప్రశ్నకి తప్పు జవాబు చెప్పినవాడు ఊరి చరిత్రలో లేడు. బంతి విసిరే ఎఫ్రైన్ ఒర్నెలాస్ అయితే ఇంకా నేలమీద వెల్లకిలా పడి ఉండగానే, ఎవరూ అడక్కముందే "శుక్రవారం సార్!" అని కేకేసేవాడు. బడిలో మేం ఒకరికొకరం ఎదురుపడితే పలకరింపు కూడా అదే. సోమవారం పొద్దున లెక్కల క్లాసు ముందు "ఇవాళ ఏ వారం?" అంటే "శుక్రవారం సార్" అని నవ్వుకుంటూ పోయేవాళ్ళం.

అక్టోబరు చివర్లో ఒక ఆటలో వేలన్‌కి గట్టిగా తగిలింది. లేచాడు, శుక్రవారమన్నాడు, ఆడాడు. ఆ తర్వాతే ఇంట్లో తేడా మొదలైంది. గదిలో తెరలు వేసుకుని పడుకునేవాడు. అమ్మ గిన్నెలు కడిగే చప్పుడుకి కూడా విసుక్కునేవాడు. ఒకరోజు మిల్లు వెనక వాంతి చేసుకోవడం నాన్న చూశాడు.

"ధూళి" అన్నాడు నాన్న.

"ధూళే" అంది అమ్మ.

వాళ్ళని తప్పు పట్టలేను. పత్తి ఏరే యంత్రాలు పొద్దస్తమానం తిరిగే రోజులు. ఆకాశమంతా మట్టిరంగు. ఆ నెలలో మా ఊళ్ళో ముక్కు కారని మనిషి, తల పట్టుకోని మనిషి ఉండడు. అమ్మ ధూళి మాత్రలు తెచ్చి వేలన్‌కి పూటకొకటి ఇచ్చేది. వాడు బుద్ధిగా మింగేవాడు.

ఒక సాయంత్రం ట్రక్కులో బడి నుంచి వస్తూ మా ఇంటికి తిరిగే మలుపు దాటేశాడు. పుట్టి పెరిగిన ఇంటి మలుపు.

"ఎక్కడికిరా అన్నయ్యా?"

వాడు బండి ఆపి రోడ్డు వంక చూశాడు. "ఏదో ఆలోచిస్తున్నాలే."

"అది ధూళి కాదు."

"అమ్మ ధూళంటోంది. నాన్న ధూళంటున్నాడు. నువ్వేమైనా డాక్టరువా?" అని బండి వెనక్కి తిప్పాడు. మలుపు దగ్గరికొచ్చాక, "ఇంకెన్ని ఆటలే? తర్వాత బడే ఉండదు. ఊరంతా ఇందుకే బతుకుతోంది. నన్ను ఆడనీ" అన్నాడు. వాడు నన్ను అలా బతిమాలడం అంతకుముందు ఎరగను.

నాకూ ఆడనివ్వాలనే ఉండేది. అది అబద్ధం కాదు. వాడి పరుగు చూడాలని ఎవరికుండదు?

ఆట ఆటా గెలుచుకుంటూ చివరి పోటీల్లోకి వచ్చాం. మా బడి అంతవరకూ రావడం నాన్న కాలం తర్వాత అదే మొదటిసారి. ఆ దశలో రెండు ఊళ్ళకీ మధ్యలో ఉన్న ఊళ్ళో, మంచి మైదానం చూసి ఆడిస్తారు. ఆ మైదానం శుక్రవారం వేరేవాళ్ళకి ఇచ్చేశారు. మా ఆట శనివారం మధ్యాహ్నం పడింది.

దీపాలు లేవు. నెత్తిన ఎండ. అంత వెలుతురులో మా వాళ్ళందరి ముఖాలూ కొత్తగా కనిపించాయి. ఇదేం విడ్డూరం, పట్టపగలు టపాకాయలు కాల్చినట్టుందని అమ్మ సణిగింది. మిల్లుకి సెలవు పెట్టి నాన్న శుభ్రమైన చొక్కా తొడుక్కొచ్చాడు. ఎదుటి జట్టు కర్బీ అనే ఊరి వాళ్ళది. ఒక్కొక్కడూ కోడెదూడలా ఉన్నాడు.

సగం ఆట ముగియకముందే వేలన్ మా చివరనుంచి వాళ్ళ చివరదాకా ఒక్క పరుగులో పోయి గీత దాటాడు. నేను గీత పక్కనే నిలబడి గొంతు పోయేలా అరిచాను. మేం ముందున్నాం.

విశ్రాంతి అయ్యాక రెండోసారో మూడోసారో బంతి అందుకుని పోతుంటే కర్బీ వాడొకడు తల వంచుకుని ఎదురొచ్చాడు. వేలనూ తల వంచాడు. ఆ చప్పుడు కంచె దగ్గర ఉన్నవాళ్ళకి కూడా వినబడింది. వేలన్ వెల్లకిలా పడ్డాడు. వాడి కుడిచెయ్యి మాత్రం కింద పడలేదు. ఎవరికో దేన్నో చూపిస్తున్నట్టు గాల్లో బిగుసుకుని నిలబడిపోయింది. తర్వాత మెల్లగా వాలింది.

లేచాడు. మా బల్ల వైపు కాకుండా కర్బీ వాళ్ళ బల్ల వైపు నడిచాడు. ఎఫ్రైన్ వెళ్ళి భుజాలు పట్టుకుని ఇటు తిప్పి, "ఇటురా బాబూ, ఆ ఇంట్లో నీకు అన్నం పెట్టరు" అన్నాడు. మావాళ్ళు నవ్వారు.

అలా పడ్డవాడు కనీసం ఒక్క విడతన్నా, అంటే బంతి ఒకసారి కదిలి ఆగేదాకా, బయట ఉండాలి. ఆ ఒక్క విడతకీ నేను దిగాలి. హెల్మెట్ పట్టీ బిగించుకుంటున్నాను. కోచ్ వేలన్ గడ్డం కింద చెయ్యి పెట్టి పైకెత్తాడు.

"ఇవాళ ఏ వారం?"

"శుక్రవారం సార్" అన్నాడు వేలన్. టక్కున చెప్పాడు.

"శభాష్. నీళ్ళు తాగి, దీని తర్వాత దిగు."

అందరూ విన్నారు. ఎఫ్రైన్ విన్నాడు, నీళ్ళు అందించేవాళ్ళు విన్నారు, కంచెకి ఆనుకున్న నాన్న విన్నాడు. ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఎప్పుడూ వినే జవాబే విన్నారు. రెఫరీ నా వంక చూసి రమ్మని చెయ్యి ఊపాడు.

నేను కోచ్ వైపు తిరిగాను. "సార్" అన్నాను.

"వెళ్ళమ్మా, వెళ్ళు."

"సార్, ఇవాళ శనివారం."

"తెలుసులే..." అంటూ కోచ్ ఆగిపోయాడు. తలెత్తి ఎండ వంక చూశాడు. ఆయన మొహంలో రక్తం దిగిపోవడం నేను దగ్గర్నుంచి చూశాను. వేలన్ వైపు తిరిగి, ఈసారి చాలా మెత్తగా, పసివాణ్ణి అడిగినట్టు అడిగాడు.

"ఇవాళ ఏ వారం నాయనా?"

"శుక్రవారం సార్" అన్నాడు వేలన్ మళ్ళీ. శభాష్ కోసం ఎదురుచూస్తూ నవ్వాడు.

"హెల్మెట్ ఇటివ్వు."

పట్టీ సరిచేస్తాడనుకున్నాడేమో, మారుమాట లేకుండా తీసిచ్చాడు. కోచ్ దాన్ని తీసుకుని నేరుగా కంచె దగ్గరికి నడిచి నాన్న చేతిలో పెట్టాడు. హెల్మెట్ లేనివాణ్ణి ఏ రెఫరీ లోపలికి రానివ్వడు.

కాసేపటికి వేలన్‌కి అర్థమైంది. కంచె దగ్గరికి వెళ్ళాడు. "నాన్నా, ఇటివ్వు."

నాన్న దాన్ని రెండు చేతులా పొట్టకి అదిమిపెట్టుకున్నాడు.

"నాన్నా, నాకేం కాలేదని చెప్పు వాళ్ళకి. చిన్న గంట మోగింది, అంతే. నువ్వు ఆడలేదా? చెప్పు నాన్నా."

ఆ హెల్మెట్ తిరిగిస్తే ఊళ్ళో ఒక్కడు కూడా నాన్నని ఏమీ అనేవాడు కాదు. వేలన్ ఉంటే గెలుస్తాం. అది నాన్నకి నాకన్నా బాగా తెలుసు. మాదే ముందంజ. ఊరంతా కంచె వెంట వరసగా నిలబడి ఆయన చేతుల వంకే చూస్తోంది.

"కూర్చోరా" అన్నాడు నాన్న. "కూర్చో."

వేలన్ గిరుక్కున నా వైపు తిరిగాడు. "నా చోటు కోసమేగా? బల్ల మీద కూర్చుని కూర్చుని ఒళ్ళు మండిందిగా!"

ఎఫ్రైన్ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. మిగిలిన ఆటంతా వేలన్ చోట నేనే ఆడాను. వచ్చినవాడి కాళ్ళు పట్టుకుని వేలాడాను, మట్టి తిన్నాను, పళ్ళ తీగ పెదవికి గుచ్చుకుని నోరంతా రక్తం. చివరికి ఓడిపోయాం, కొద్దిలో. ఎవరూ నన్ను తిట్టలేదు. ఎవరూ మెచ్చుకోలేదు కూడా.

బస్సులో వేలన్ కిటికీ పక్కన కూర్చున్నాడు. "గెలిచామా?" అని అడిగాడు. "కొద్దిలో పోయింది" అన్నాడు ఎఫ్రైన్. కొంచెం దూరం పోయాక మళ్ళీ "గెలిచామా?" అన్నాడు. మొదటిసారి కుర్రాళ్ళు నవ్వారు. తర్వాత నవ్వలేదు. ఎఫ్రైన్ మాత్రం విసుక్కోకుండా ప్రతిసారీ కొత్తగా చెబుతున్నట్టు "కొద్దిలో పోయిందిరా" అంటూనే ఉన్నాడు. కోచ్ బస్సుని ఊరివైపు తిప్పలేదు, తిన్నగా పట్నం ఆస్పత్రికి తోలాడు.

మొదటి దెబ్బ మానకముందే రెండోది పడిందని డాక్టరు అన్నాడు. దాని మీద ఇంకొకటి పడి ఉంటే మనం ఇలా కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం కాదన్నాడు. ఇక ఈ ఆట జోలికి వెళ్ళొద్దన్నాడు. "మేం ధూళి అనుకున్నామండీ" అంది అమ్మ. ఆ మాట చెప్పి చెప్పి ఆమె గొంతు పోయింది.

వేలన్ ఇంటికొచ్చాడు. మనిషి వచ్చాడు గాని నా అన్నయ్య రాలేదు. ఆటలోంచి తీయించింది నేనేనని ఎవరో చెప్పగా విని, నాతో మాట మానేశాడు. ఉప్పు కావాలన్నా అమ్మని అడిగి అందుకునేవాడు, అది నా చేతి పక్కనే ఉన్నా సరే. నాన్న శుక్రవారం సాయంత్రాలు రేడియో పెట్టడం మానేశాడు. ఇల్లంతా దూదిలో చుట్టినట్టు చప్పుడు లేకుండా ఉండేది, వాడికి చప్పుడు పడదని. నేను తప్పు చేశానని నాకెప్పుడూ అనిపించలేదు. అయినా వాడు ఒక్కసారి, ఒక్కసారి, తలుపు దగ్గర నిలబడి నన్నేదో ఒక వెధవ మాట అంటే బాగుండునని ఎంతగా అనిపించేదో చెప్పలేను. వాడు పక్క గదిలోనే ఉండగా వాడి మీద బెంగ పెట్టుకున్నాను.

డిసెంబరులో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, నేను పెరట్లో ట్రక్కు వెనక చెక్క మీద కూర్చుని ఉన్నాను. పత్తి ఏరేయడం అయిపోయింది. చేలన్నీ బోడిగా, గోధుమరంగు మోళ్ళతో ఆకాశందాకా పడి ఉన్నాయి. వేలన్ నల్లకళ్ళజోడు పెట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"కోచ్ ఆ రోజు ఆట వీడియో చూపించాడు" అన్నాడు.

"చూశావా?"

"చూశాను. ఎవడో పరిగెడుతున్నాడు. చొక్కా మీద నంబరు నాదే." కాళ్ళు ఊపాడు. "ముందురోజు సాయంత్రం అమ్మ నా సంచి సర్దడం గుర్తుంది. ఆ తర్వాత ఆస్పత్రిలో లైటు. మధ్యలో ఏమీ లేదు. ఎంత తవ్వినా రావట్లేదు. ఇక ఎప్పటికీ రాదంటున్నాడు డాక్టరు."

నేను వాడి వైపు జరిగాను.

"ఆ పరుగు బాగుందటగా?" అన్నాడు. "ఊళ్ళో ఎవరు కనబడినా దాని గురించే అంటున్నారు. ఔనౌనని తలూపుతున్నాను. నేను తీసిన పరుగు అందరి దగ్గరా ఉంది, నా దగ్గర తప్ప." "నువ్వు గీత పక్కనే ఉన్నావుగా. చెప్పవే."

చోటు కోసమేనని నన్నన్నది కూడా వాడికి గుర్తులేదని అప్పుడు తెలిసింది. వీడియోలో మాటలు వినబడవు. అది నేను చెప్పలేదు.

పరుగు చెప్పాను. ఎఫ్రైన్ బంతి నీ కడుపులో పెట్టినట్టు పెట్టి వదిలాడురా. మొదటివాడు నీ చొక్కా పట్టుకున్నాడు, చొక్కా సాగింది గాని నువ్వాగలేదు. రెండోవాణ్ణి చూసి కుడికి పోతున్నట్టు భుజం వంచి ఎడమకి పోయావు, వాడు గాలిని కావలించుకుని పడ్డాడు. తర్వాత ఎవరూ లేరు. ఎండ, గడ్డి, నువ్వు. మా ముందునుంచి పోతున్నప్పుడు నీ ఊపిరి వినబడింది. నువ్వు నవ్వుతున్నావు. పళ్ళ తొడుగు ఉన్నా తెలిసిపోయింది. వెనకవాడు పోగా పోగా చిన్నగా అయిపోయాడు. గీత దాటాక బంతిని నేలకేసి కొట్టకుండా రెఫరీ చేతికి జాగ్రత్తగా ఇచ్చావు.

వేలన్ నల్లకళ్ళజోడు తీసేశాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎండ నేరుగా మొహం మీద పడుతున్నా కదల్లేదు. చెంపలు తడిసి ఉన్నాయి.

లోపల్నుంచి అమ్మ భోజనానికి పిలిచింది. ఇద్దరం లేవలేదు.

"మళ్ళీ చెప్పు" అన్నాడు. "ఈసారి అంత తొందరగా గీత దాటించెయ్యకు."